సముద్రాన్ని కుడిపక్కన పెట్టుకుని పరిగెత్తిన నూకరాజు

మా నూకరాజు ఇక లేడు. మంగళవారం ఉదయం పోర్టు గేటు దగ్గర ఈ వార్త చెప్పిన మనిషి మీద విరుచుకుపడ్డాను. "నోరు మూసుకోవయ్యా, నిన్న సాయంత్రం నాతో టీ తాగాడు" అన్నాను. అతను తల దించుకున్నాడు. నలభై రెండేళ్ళ ఆ వజ్రకాయుడి గుండె నిద్రలోనే ఆగిపోయిందంటే నమ్మడానికి నాకింకా మనస్కరించడం లేదు.

నూకరాజు జాలరి బిడ్డ. డెబ్బైల్లో మా పోర్టులో రోజుకూలీ కళాసీగా చేరాడు. నేను అదే విభాగంలో గుమస్తాను. కార్మికుల దూరపు పరుగుపందెంలో మొదట వచ్చినవాడికి ఉద్యోగం ఖాయం చేస్తామని మా పై అధికారి మాట ఇచ్చారు. వయసు నిబంధన ప్రకారం నూకరాజుకు మిగిలినవి మూడే పందాలు. అతనికి శిక్షకుణ్ణి ఎవరనుకున్నారు? పరిగెత్తి బస్సు కూడా పట్టుకోలేని నేను! నాలుగు పుస్తకాలు తిరగేసి, గీతలు గీసి మహా గంభీరంగా ఒక పట్టిక తయారుచేశాను. తెల్లవారగానే వాళ్ళ పేట దగ్గర బయలుదేరి, తడి ఇసుక మీద భీమునిపట్నం దిక్కుగా సగం దూరం పరుగు. అక్కడ రోడ్డెక్కి, తిరుగు బస్సులో ఎనిమిది గంటల డ్యూటీకి రావాలి. నేను పక్కన రోడ్డు మీద సైకిలు తొక్కుతూ గడియారం చూసేవాణ్ణి.

మూడో నెలలో అతని కుడి మోకాలి బయటివైపు నొప్పి మొదలైంది. సీతమ్మధారలో డాక్టరుగారికి చూపించాను. మాత్రలు, పట్టీ, విశ్రాంతి అన్నీ అయ్యాయి. పది రోజులు కూర్చుంటే పోయేది, నాలుగు రోజులు పరిగెడితే తిరిగొచ్చేది. మొదటి ఏడు పందెం మధ్యలో కూలబడ్డాడు. రెండో ఏడు కుంటుకుంటూ చిట్టచివర వచ్చాడు. అయినా వచ్చాడు, మధ్యలో ఆగలేదు! ఎందుకయ్యా ఈ హింస అంటే నవ్వేవాడు. "నెప్పి పని నెప్పి సేత్తాది బావా, నా పని నాను సేత్తన్నాను." అంతటి ధైర్యం నేను పెద్ద చదువులు చదివినవాళ్ళలోనూ చూడలేదు.

మూడో పందానికి రెండు నెలలుందనగా ఒక ఆదివారం వాళ్ళ ఒడ్డుకు వెళ్ళాను. ఇక మానుకోమని చెప్పేద్దామని. అక్కడ వాళ్ళ నాన్న పోలయ్య సముద్రంలో వేసిన పెద్దవలను తాడుతో ఒడ్డుకు లాగిస్తున్నాడు. ఇరవైమంది తాడుకు ఒకే పక్కన నిలబడి లాగుతున్నారు, అందులో నూకరాజూ ఉన్నాడు. సగం లాగాక ముసలాయన "పక్క మార్సండ్రా!" అని కేకేశాడు. అందరూ వంగి తాడు కిందనుంచి అవతలి పక్కకు వెళ్ళారు. తాడు మీదనుంచి ఎవరూ దాటరు, అది వాళ్ళ ఆచారం. నూకరాజు కూడా వెళ్ళి, చేతిలో తాడుతో అలాగే నిలబడిపోయాడు.

"ఏట్రా అలా సూత్తన్నావ్? లాగు!" అన్నాడు తండ్రి.

"అయ్యా, ఈ పక్క మార్సడం ఎందుకు?"

"ఎందుకేటి? ఇసక వాలుగా ఉంటాది గదా. ఒక్క పక్కే నిలబడితే దిగువనున్న కాలు పాడైపోద్ది."

నూకరాజు నావైపు తిరిగాడు. "బావా! రెండేళ్ళయి మనం పక్క మార్సనేదు. ఎల్లీటప్పుడు పరుగు, వచ్చీటప్పుడు బస్సు. సముద్రం ఎప్పుడూ నా కుడిపక్కే!"

పుట్టిన దగ్గర్నుంచీ ఆ తాడు లాగినవాడు అతను, పట్టిక గీసిన మేధావిని నేను. ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు. మర్నాటినుంచి ఒకరోజు పరిగెత్తి వెళ్ళి బస్సులో రావడం, ఇంకొకరోజు బస్సులో వెళ్ళి పరిగెత్తి రావడం. నొప్పి పూర్తిగా పోలేదు గానీ భరించదగినంతకు దిగింది. ఆ కాలితోనే ఆ ఏడు అందరికన్నా ముందు వచ్చాడు. ఉద్యోగం ఖాయమైంది.

బహుమతుల సభలో శిక్షకుడని నాకూ ఒక దండ వేశారు. "ఆ రెండేళ్ళూ ఏమైందయ్యా?" అని అధికారి అడిగితే, "నా తెలివితక్కువ సారూ, ఒకే వైపు పరిగెట్టీసాను" అన్నాడు నూకరాజు. నేను దండ సవరించుకుంటూ ఊరుకున్నాను. సిగ్గుచేటు! బయటికొచ్చాక, నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నాకోసం రోజూ అంత దూరం సైకిలు తొక్కీవోడివి. నీ పేరెలా సెప్తాను బావా?" అన్నాడు.

తర్వాతి కాలంలో కూర్మన్నపాలెం నుంచి స్టీల్ ప్లాంటు కుర్రాళ్ళు అతని దగ్గర పరుగు నేర్చుకోవడానికి వచ్చేవారు. వాళ్ళకూ అదే కథ చెప్పేవాడు. అందులో తప్పు ఎప్పుడూ తనదే.

బుధవారం మధ్యాహ్నం అతని పాడెను ఒడ్డు వెంబడే తీసుకెళ్ళాం. నేను సముద్రం వైపు మోస్తున్నాను. వాలు ఇసుకలో కాళ్ళు జారుతున్నాయి, కళ్ళు కనిపించడం లేదు. సగం దారిలో, కర్ర పట్టుకుని పక్కన నడుస్తున్న పోలయ్య, కన్న కొడుకు పాడె చూస్తూ, పాత అలవాటున కేకేశాడు. "పక్క మార్సండ్రా!"

మారాం. నూకరాజు బరువు నా రెండో భుజం మీదికి వచ్చింది.

మహానుభావా, నిన్ను రెండేళ్ళు కుంటించిన ఆ పట్టిక రాసింది నేను. నిండు సభలో చెప్పవలసిన మాట ఇది. నువ్వు బతికుండగా నోరు రాలేదు, ఇప్పుడు చెబుతున్నాను.