పాట మధ్యలో పేలిన టపాసులు

కొత్త సూపర్‌హీరో సినిమా వచ్చిన వారమే నేనూ వదినా దోర్నపాల్‌లో బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాం. వదినది జగర్గుండా. అడవుల్లో తుపాకులు పేలిన గొడవల కాలంలో, చిన్నప్పుడే, వాళ్ల కుటుంబం ఆ ఊరు వదిలి వచ్చేసింది. పాటలు విని సినిమాకు వెళ్దామని పట్టుబట్టింది ఆమే.

హీరో మొదటిసారి గాల్లోకి లేవగానే డప్పుల పాట హోరెత్తింది. అభిమానులు ఈలలు వేస్తూ తెర ముందుకు ఉరికారు. అంతలో ఎవరో హాల్లోనే టపాసుల దండ అంటించారు. పక్కకు చూస్తే వదిన సీట్లో లేదు. కింద సీట్ల సందులో ముడుచుకుని నా చెయ్యి పట్టి గుంజుతోంది.

“కింద కూసో పిల్లా! తల లేపకు!”

“టపాసులే వదినా, భయం లేదు,” అన్నాను. ఆమెకు వినబడలేదు. చుట్టూ అందరూ పాటతో గొంతు కలిపి అరుస్తున్నారు. నేనూ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. పాట అయిపోయేదాకా ఆమె నా తలను అరచేత్తో అదిమి పట్టుకునే ఉంది.

ఇంటర్వెల్‌లో బయటికొచ్చేశాం. ఇద్దరం చాయ్ తీసుకున్నాం.

“మీ అన్నకు చెప్పకు,” అంది. “మళ్ల సినిమాకు పోనియ్యడు.”

నేను చెప్పలేదు.