మంజీర మీదికి మామ పంపిన నీళ్లు

మొన్న పొద్దున ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతుండగా అత్తమ్మ ఫోన్ చేసింది. "మామ పొయ్యిండు బిడ్డా. చాయ్ తాగి, కూసున్నోడు కూసున్నట్టే పొయ్యిండు," అంది. జహీరాబాద్ నుంచి ఝరాసంగం దగ్గరి వాళ్ల ఊరికి షేర్ ఆటోలో వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. దిగాక, నా చేతిలో సంచి అందుకోవడానికి ఆయన రాలేదని చూసి ఏడ్చాను.

ఆయన మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాకైతే ప్రాణం. వానను నమ్ముకున్న జొన్న, కంది చేను ఆయనది. బోరు వేయిస్తే దుమ్ము లేచింది. అందుకే ఆయన ఇంట్లో చెయ్యి కడిగినా కరివేపాకు చెట్టు మొదట్లోనే కడగాలి. చిన్నప్పుడు నేను గ్లాసులో సగం నీళ్లు వదిలేస్తే, ఆ సగం తానే తాగి, "నీళ్లు పారబోస్తరా ఎవరన్న?" అని ఆ పూటంతా మూతి ముడుచుకునేవాడు.

అలాంటి మనిషితో, గాలి నింపే చిన్న పడవ, కాయక్ కొన్నానని, ఒక్కదాన్నే మంజీరలో తెడ్డు వేసుకుంటూ పోయి, అవతలి ఒడ్డున గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి వస్తానని చెప్పాను. అమ్మ అప్పటికే నాతో మాట్లాడటం మానేసింది. మామ మీసం దువ్వుకుని, "కావలికి పోతున్నవా? ఏం పంట ఏసినవే ఆడ?" అన్నాడు. ఏళ్ల తరబడి చేలో మంచె మీద పడుకున్నవాడికి గుడారం ఒక వింతా? నాకు శిక్షణ ఇచ్చింది ఆయనే అనుకోవాలి. "పండుకునే జాగ ఎండ ఉండంగనే చూస్కో. చీమలు యాడ తిరుగుతున్నయో చూడు. ఆకలైనంక కాదు, జర ముందే తిను." ఫోన్‌లో చూసి నేర్చుకున్నవి సగం మర్చిపోయాను. ఇవి మర్చిపోలేదు.

బయలుదేరే రోజు న్యాల్‌కల్ వైపు ఒడ్డుకు ఆయనే వచ్చాడు. చేతిలో జొన్న రొట్టెల మూట, భుజం మీద ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా.

"ఒక్క రాత్రికి రెండు సీసాలు చాలు మామా."

"సీసాలు ఏడికి సాలుతయి? ఇవి మన ఊరి బాయి నీళ్లు. ఫికర్ లేకుంట తాగు."

చుట్టూ అంత మంజీర ఉండగా నీళ్లు మోసుకెళ్తున్నందుకు నవ్వొచ్చింది గానీ, కాదనలేక డబ్బాను వెనక కట్టాను. వెళ్లేటప్పుడు గాలి వీపు మీద ఉంది, డబ్బా బరువు తెలియలేదు.

మరునాడు పొద్దున తిరిగి వస్తుంటే ఎదురుగాలి. వెనక బరువుకు కాయక్ ముందు భాగం పైకి లేచింది. గాలి దాన్ని పట్టుకుని తిప్పేస్తోంది. ఎంత తెడ్డు వేసినా, నీళ్లలో సగం మునిగిన తుమ్మ చెట్ల వైపే కొట్టుకుపోతున్నాను. ఒక్క ముల్లు దిగితే కాయక్ పని అయిపోయినట్టే. డబ్బా ఖాళీ చేస్తే తేలికవుతుందని తెలుసు. మూత మీద చెయ్యి కూడా వేశాను. మామ ముఖం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వినేవాళ్లకు పిచ్చిగా ఉంటుంది. మా చేల వైపు వాళ్లెవరైనా అదే చేస్తారు.

ఒడ్డున నా కోసం వచ్చిన మామ తువ్వాల ఊపుతూ అరుస్తున్నాడు. గాలికి ఒక్క మాటా వినబడలేదు. రెక్కలు పడిపోతున్నా తెడ్డు ఆపలేదు. ఒక తుమ్మ కొమ్మ కాయక్ పక్కను గీసుకుంటూ పోయింది, అదృష్టం కొద్దీ ముల్లు దిగలేదు. ఒడ్డు ఇంకా కొంత దూరం ఉండగానే, ఈత రాని ఆ మనిషి తొడల లోతు నీళ్లలోకి వచ్చి కాయక్ ముందు తాడు అందుకున్నాడు.

ఒడ్డెక్కాక డబ్బా కదిపి చూశాడు. దాదాపు నిండుగానే ఉంది.

"ఎందుకు పారబొయ్యలే?"

"మన బాయి నీళ్లు కద మామా."

ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు మునిగితే మీ అమ్మకు ఈ డబ్బా తీస్కపోయి చూపెట్టాల్నా నేను?"

ఆ తర్వాత ఎన్నోసార్లు ఒంటరిగా వెళ్లాను, తేలికగానే వెళ్లాను. ఆ రోజు మాత్రం ఆయన మూత తీసి డబ్బాను బోర్లించాడు. నేను ఆపబోతే నా చెయ్యి పక్కకు నెట్టేశాడు. నీళ్లు ఆయన పాదాల మధ్య నుంచి, ఎండిన మట్టిని నల్లగా తడుపుతూ మంజీర వైపు పోయాయి. చివరి చుక్క పోయేదాకా ఆయన డబ్బాను పైకి లేపలేదు.