పదిహేడో నంబరుకి సున్న

మా హైస్కూలుకి కంప్యూటరు వచ్చినప్పటి నుంచీ నేను మార్కులు రెండు చోట్ల వేసేవాణ్ణి. ఒకటి దానికిచ్చే కాగితం మీద, ఇంకోటి నా సొంత రిజిస్టరులో. లెక్కల మాస్టార్ని, ఊరికే నమ్మడం నా ఒంటికి పడదు. ఆపరేటరు రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేవాడు, సాయంత్రం మా పిల్లలకే ట్యూషన్లు చెప్పేవాడు. నా ప్రశ్నపత్రాలు ఫ్లాపీలోకి ఎక్కించి పక్కూళ్ళ స్కూళ్ళకి పంపుతుంటే, అవి దారిలో ఎవరెవరి ఇళ్ళల్లో దిగుతున్నాయోనని నా గుబులు.

అర్ధసంవత్సర పరీక్షలయ్యాక లెక్కల మార్కుల ప్రింటు సరిచూడమని ఇచ్చాడు. గంటసేపు వెతికాను. మార్కులన్నీ సరిపోయాయి గానీ, పదో తరగతిలో పదిహేడో నంబరు అమ్మాయి ఇంటిపేరులో సున్న ఎగిరిపోయింది. తప్పు దొరికిందన్న సంబరంతో చీటీ రాసి పంపాను.

ప్రోగ్రెస్ కార్డులు ఇళ్ళకి వెళ్ళాక ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది. నాలుగో రోజు కడియం రోడ్డులో సైకిలు మీద వెళ్తూ చూశాను. నర్సరీలో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని మొక్కల సంచుల్లో మట్టి నింపుతోంది.

"లెక్కల్లో సున్నా వచ్చింది కదండి. చదివింది చాలన్నాడండి నాన్న," అంది తల ఎత్తకుండా.

నా రిజిస్టరులో ఆ పిల్లకి తొంభై రెండు, క్లాసు ఫస్టు. ఆ తర్వాతి మార్కు ఆపరేటరు దగ్గర ట్యూషనుకెళ్ళే పిల్లది. ఇంకేం కావాలి? ఒళ్ళు మండిపోయింది. హెడ్మాస్టరు గారి ఎదుటే, "ఎవరి కోసం మార్చావయ్యా? ఇది దొంగతనం కాదా?" అని కడిగేశాను.

అతను ఫైల్లోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. నా దస్తూరీయే. 'పదిహేడో నంబరుకి సున్న లేదు. పెట్టగలరు.'

"కాపీ కొడుతూ మీకు దొరికిందేమో అనుకున్నానండి," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. రిజిస్టరు చంకన పెట్టుకుని నర్సరీకి పరుగెత్తాను. తండ్రి చేతులు కడుక్కొచ్చి, నా అంకెలు చూసి, నా మొహం చూశాడు.

"చేత్తో ఏదైనా రాయొచ్చండి. కంప్యూటరు తప్పు చెయ్యదంటారు కదండి. పిల్ల మీద జాలిపడి వచ్చారు మీరు."

"తప్పు దానిది కాదండి, నాది," అన్నాను. నమ్మలేదు. అచ్చం నేను అందర్నీ చూసే చూపుతోనే నన్నూ చూశాడు.

"దాంట్లోంచే కొత్త కార్డు తెండి. అప్పుడు పంపుతాను."

మర్నాడు పొద్దున్నే, ముందురోజు ఎవర్ని దొంగన్నానో అతని కుర్చీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. అతను తొంభై రెండు కొట్టాడు. కీబోర్డు మీంచి చేతులు తీసి నాకేసి తిరిగాడు.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. సున్న ఎక్కడ పెట్టమంటారు?"