మైకు బాబాయ్ భార్య తప్పిపోయిన రోజు

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, బస్టాండులో డ్రైవర్ల దగ్గర నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ అతను మైకు బాబాయే. ప్రకటనల గదిలో కూర్చుంటే మోకాళ్ళు బల్లకు తగిలేవి. ముందు అద్దం, అద్దంలో చెయ్యి పట్టేంత కంత, బల్ల మీద మెడ వంచుకున్న మైకు. అతని ఉద్యోగమంతా ఆ గదిలోనే గడిచింది.

తప్పిపోయినవాళ్ళను వెతికించడంలో అతనిది అందెవేసిన చెయ్యి. ఏడుస్తూ వచ్చిన తల్లి "నీలం చొక్కా, నల్ల జుట్టు" అనగానే ఆపేసేవాడు.

"నీలం చొక్కా అంటే సగం బస్టాండు లేచి నిలబడుతుందమ్మా. ఇంకెవరికీ లేనిదేదో చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఒక కాలికే చెప్పుందనో, కనబడిన ప్రతి కుక్కతోనూ కబుర్లాడతాడనో చెప్పేది. ఆ ముక్క మైకులో పడిందంటే పిల్లాడు దొరికినట్టే.

ఒకసారి శిక్షణ తరగతిలో ఒక మాస్టారు సమాచార సిద్ధాంతం గురించి చెప్పాడు. అందరూ ముందే ఊహించగలిగేది చెబితే అందులో కబురేమీ లేదట; ఎంత అనుకోనిది చెబితే అంత కబురట. రొదలో మాట కొట్టుకుపోతుంది గనక తిరగచెప్పాలట. వెనక బెంచీలో మైకు బాబాయ్ 'ఇది నేను రోజూ చేసేదేగా' అని మురిసిపోయాడు. పంపినంత మాత్రాన చేరినట్టు కాదు, చేరిందని అవతలి నుంచి తెలియాలి అని మాస్టారు అందుకునేసరికి టీకి లేచాడు. మైకుకు ఎవరు జవాబు చెబుతారు?

ఇంట్లోనూ అదే వరస. చెప్పాల్సింది గాల్లోకి చెప్పేసి గడప దాటేవాడు.

ఆ రోజు పొద్దున బూట్లు తొడుక్కుంటూ భార్యతో అన్నాడు: "సాయంత్రం మీ చెల్లెలింటికి వెళ్దాం, బస్టాండుకి వచ్చెయ్." తాళ్ళు కట్టుకోడానికి వంగాడు. "ఎప్పట్లా వెనక దారిన మాత్రం రాకు. పక్క ఆవరణ తవ్వేశారు, బస్సులన్నీ వెనకే రివర్సు చేస్తున్నారు. ముందు గేటు దగ్గర నిలబడు."

సాయంత్రం డ్యూటీ దిగి చూస్తే ముందు గేటు దగ్గర ఆమె లేదు. పావుగంట చూశాడు. విసుక్కుంటూ గదిలోకి తిరిగొచ్చి, తన తరవాతి డ్యూటీవాణ్ణి పక్కకు జరగమని, ఆమె పేరు మైకులో చదివాడు. ఎక్కడున్నా ప్రకటనల గది దగ్గరకు రావాలన్నాడు. తిరగచెప్పాడు. ఆమె రాలేదు.

టీ కొట్టు ఆవిడ కంతలోంచి తొంగిచూసింది. "పిన్ని కోసమా బాబాయ్? ఊరికే పిలుస్తావేంటి, ఎవర్నైనా పంపు."

"పిలుస్తూనే ఉన్నాగా. వినబడితే రాదూ?"

"పిన్నికి చెవులు వినబడవు కదా."

హాస్యమాడుతోందనుకున్నాడు. "ఎవరికి?"

"నీకు తెలీదా?" ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. "నీకు క్యారేజీ తెచ్చినప్పుడల్లా నా కొట్లోనే కూచుంటుందిగా. నెత్తిమీద నీ గొంతు మోగిపోతుంటే, మా ఆయన ఇవాళ మైకు దగ్గరున్నాడా, ఇంకెవరైనా ఉన్నారా అని నన్నడుగుతుంది."

మైకు బాబాయ్ కొయ్యబారిపోయాడు. పొద్దున వెనక దారిన రావద్దన్న మాట ఆమెకు చేరి ఉండదు. ఎప్పట్లాగే వెనక దారిన వచ్చి ఉంటుంది. ఆవరణలో బస్సులు వెనక్కి జరుగుతున్నాయి. జనం హారన్ విని తప్పుకుంటున్నారు.

మైకు మీదికి వంగాడు. "వెనక ఆవరణలో డ్రైవర్లు జాగ్రత్తగా నడపాలి, బస్సులు ఆపాలి." రోజూ ఆ గొంతు చెప్పేదే. ఒక్క బస్సూ ఆగలేదు.

ఆమెను పట్టుకోమని చెప్పాలి. ఎవరిని పట్టుకోమని? "మధ్యరకం ఎత్తు," అని మొదలుపెట్టాడు. "బూడిదరంగు బట్టలు. చేతిలో సంచి." అద్దంలోంచి చూస్తే అలాంటివాళ్ళు కోకొల్లలు. ఇంకెవరికీ లేనిది ఏముంది ఆమెకు? ముక్కు మీద మచ్చా? ఉందో లేదో తెలియదు. ఏ చేత్తో సంచి పడుతుంది? తెలియదు. ఇంతమంది పిల్లల్ని వెతికిపెట్టినవాడికి సొంత భార్య ఆనవాలు ఒక్కటి నోటికి రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. తను మాట్లాడుతుంటే ఆమె కళ్ళలోకి చూసేది కాదు, నోటి వంకే చూసేది. తన మాటంటే అంత గౌరవమని ఇన్నాళ్ళూ లోలోపల పొంగిపోయాడు.

"నా భార్య వెనక ఆవరణలో ఉంది," అన్నాడు. "ఆమెకు హారన్ వినబడదు. పలకరిస్తే మీ పెదవుల వంక చూస్తుంది. అలా చూసిన ఆవిణ్ణి పట్టుకోండి. నాకు ఇప్పుడే తెలిసింది. ఆమెకు వినబడదు."

ఆ మైకులోంచి అలాంటి మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆవరణ నిశ్శబ్దమైపోయింది.

ఒక కండక్టరు ఆమె మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "చక్రం పక్కనే ఉంది బాబాయ్. పిన్నీ అంటే నా మూతి వంక చూసింది."

"ఏంటండీ, అందరూ నన్నే చూస్తున్నారు?" అంది ఆమె.

మైకు బాబాయ్ ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. "ఎప్పట్నుంచి?"

"మన చిన్నాడు బడికెళ్ళే రోజుల్నుంచి. మెల్లమెల్లగా పోయింది."

"మరి నేను చెప్పేవన్నీ?"

"మీరు చెప్పేవి ఏముంటాయండీ? అన్నం పెట్టు, తాళం ఎక్కడ, రేపు పొద్దున డ్యూటీ. వాటికి చెవులెందుకు?" ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, అందుకే అతనికి గుండెలో కలుక్కుమంది. "పొద్దున ఏదో కొత్త మాట అన్నట్టున్నారు. చెల్లెలిల్లు, బస్టాండు అన్నంతవరకూ తెలిసింది. తరవాత తల వంచేశారు."

టీ కొట్టు ఆవిడ ముఖం తిప్పుకుంది. భార్య చేతి సంచి మైకు బాబాయ్ అందుకున్నాడు. అది ఆమె ఎడమ చేతిలో ఉంది.

"ఆ బస్సుల మధ్య నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాడు.

అలాంటి ప్రశ్న అతని నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు. ఎంత చూసినా పెదవులు అర్థం కాలేదు. "ఏంటి? మళ్ళీ చెప్పండి," అంది.

అతను వంగి, వెలుతురు తన ముఖం మీద పడేలా తిరిగి, ఒక్కో మాటా విడదీసి పెదవులతోనే మళ్ళీ అడిగాడు.