నలభై తొమ్మిదో దెబ్బ

నేను నర్సుని. ఉదయం మనిషి పోయిన మంచానికి సాయంత్రం దుప్పటి మార్చి, పక్క గదిలోనే కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నదాన్ని. గల్ఫ్‌లో పనిచేసిన నాలుగేళ్లూ శవాల గది ముందు నుంచి రోజుకు పదిసార్లు తిరిగాను. ఏ నీడా నా వెంట రాలేదు, ఏ గొంతూ నన్ను పిలవలేదు. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, ఆ రోజు వాళ్లకు జ్వరం ఎంత ఉందని అడగడం నాకు అలవాటు. ఇప్పటికీ అదే అడుగుతాను.

అందుకే ఈ సంగతి ఇంతకాలం బయట ఎవరికీ చెప్పలేదు. ఇందులో జ్వరం కూడా ఉంది. కానీ అది నాది కాదు.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను పనిచేసిన ఆసుపత్రి ఒక చమురు కంపెనీది. ఎడారిలో వాళ్లకొక గోల్ఫ్ మైదానం ఉండేది. గడ్డి పరక లేదు, అంతా ఇసుకే. బంతి కింద వేసుకోవడానికి చిన్న చాప ముక్క చేత్తో పట్టుకుని తిరగాలి. మా మేట్రన్ స్కాట్లండు ఆవిడ, పెళ్లి చేసుకోలేదు, మాట కరుకు. తోడు దొరక్క ఒకరోజు నన్ను తీసుకెళ్లి కర్ర చేతికిచ్చింది. మూడో దెబ్బకే బంతి లేచిన తీరు చూసి, "నువ్వు ఇంతకుముందు ఆడావా?" అని అడిగింది. లేదన్నాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నన్నే తీసుకెళ్లేది.

క్లబ్బు గోడ మీద ఒక బోర్డు ఉండేది. సభ్యుల పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక అంకె. ఈ ఆటలో ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని గుంతల్లో వేస్తే అంత గొప్ప. ఆ అంకెను హ్యాండీక్యాప్ అంటారు. మన పాత ఆటలు చూసి, గొప్పగా ఆడేవాళ్లతో మనం సమానంగా పోటీ పడేలా మన మొత్తంలోంచి తగ్గించే దెబ్బల లెక్క అది. ఆ బోర్డు మీద ఉన్నవాళ్లలో సగం మంది నా కన్నా నాసిగా ఆడేవాళ్లు. కానీ మా దేశపు నర్సులకు సభ్యత్వం లేదు. నాకు పేరూ లేదు, అంకే లేదు. ఆ బోర్డు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చూడనట్టు నడిచేదాన్ని.

కాంట్రాక్టు అయిపోయి రాజోలు దగ్గర మా ఊరికి వచ్చేసేటప్పుడు మేట్రన్ తన పాత కర్రలు ఐదు, ఒక సంచీ ఇచ్చింది. నేను ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. అమ్మ అప్పటికే లేదు. ఇంట్లో నాన్నగారూ నేనూ ఉండేవాళ్లం. అన్నయ్య ప్రసాద్ అమలాపురంలో కాలవల ఆఫీసులో గుమాస్తా.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అర మార్కు కూడా ఊరికే వెయ్యని మనిషి. సొంత కొడుకని చూడకుండా అన్నయ్యను లెక్కల్లో ఒకసారి తప్పించారు.

ఆ ఏడాది ఎండలకు వశిష్ఠ గోదావరి తగ్గి ఇసుక మేటలు బయటపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బంతి పడే గుంతలుగా పాలపొడి డబ్బాలు తొమ్మిది ఇసుకలో పాతాను. పాత చీర చింపి వెదురు కర్రలకు జెండాలు కట్టాను. చాప ముక్క బదులు కొబ్బరిపీచు పట్ట. డబ్బా చుట్టూ ఇసుక తడిపి, గోనెపట్టాతో చదును చేసేదాన్ని. నాన్నగారు ఒక్కో గుంత దూరం తాడుతో కొలిచి, నోటుబుక్కులో పటం గీశారు. డ్యూటీ దిగాక రోజూ సాయంత్రం చీర కొంగు బిగించి, కాన్వాసు బూట్లు వేసుకుని ఒక్కదాన్నే ఆడేదాన్ని. గేదెలు తోలుకెళ్లేవాళ్లు నిలబడి చూసేవారు. కొన్నాళ్లకు అదీ మానేశారు.

విశాఖపట్నంలో ఒక క్లబ్బు ఆడవాళ్లకు పోటీ పెడుతోందని పేపర్లో చదివి ఉత్తరం రాశాను. అక్కడి సెక్రటరీ రిటైరైన నేవీ ఆఫీసరు. మర్యాదగానే జవాబిచ్చారు. పోటీకి హ్యాండీక్యాప్ ఉండాలి. దానికి పది స్కోరు కార్డులు కావాలి. మీ మైదానం కొలతలు పంపండి, మీరిక్కడికి వచ్చాక మా సభ్యురాలొకరు మీతో ఆడి సరిచూస్తారు. కానీ ఒంటరిగా ఆడి మీకు మీరే రాసుకున్న కార్డు చెల్లదు. పక్కనే ఉండి ప్రతి దెబ్బా చూసి లెక్కపెట్టిన మనిషి సంతకం ఉండాలి.

ఉత్తరం నాన్నగారికి చూపించాను. రెండుసార్లు చదివారు.

"లెక్కెట్టడవే కదా. నేనొస్తాన్లే అమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి గొడుగు వేసుకుని నా వెనకే నడిచేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు. గుంత పూర్తవగానే అంకె మాత్రం పైకి చెప్పేవారు. నేను నా గడిలో రాసుకునేదాన్ని, ఆయన తన గడిలో రాసేవారు. చివర సంతకం. అలా తొమ్మిది కార్డులు పూర్తయ్యాయి.

పదో కార్డు ఆడేలోపు నాన్నగారు పడిపోయారు. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది. అమలాపురంలో ఆసుపత్రిలో చేర్చాం. మూడు రోజులు నేను మంచం దగ్గర నుంచి కదల్లేదు. నాలుగో రోజు పొద్దున డాక్టరుగారు ప్రమాదం తప్పినట్టే అన్నాక, అన్నయ్య సెలవు పెట్టి వచ్చి నన్ను ఇంటికి పంపాడు. బట్టలు మార్చుకుని, కాస్త పడుకుని సాయంత్రానికి రమ్మన్నాడు.

నేను పడుకోలేదు. వరద నీళ్లు వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. నీళ్లొస్తే తొమ్మిది గుంతలూ మునిగిపోతాయి, మళ్లీ ఏడాది ఆగాలి. తండ్రి అలా ఉంటే కర్రలు పట్టుకుని బయల్దేరావా అని నన్ను నేనే తిట్టుకుంటూ రేవుకు వెళ్లాను. ఆడేసి, ఆయన కోలుకున్నాక సంతకం పెట్టించుకోవచ్చులే అనుకున్నాను. ఆడడానికి వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

నాలుగింటికి మొదలుపెట్టాను. మేట మీద ఒక్క మనిషి లేడు. ఏడో గుంత దగ్గర బంతి రెల్లు దుబ్బులోకి పోయింది. కాలు ఆనించుకుని బలంగా కర్ర ఊపాను. కర్ర బంతి మీద నుంచి గాలిలో పోయింది. బంతి కదల్లేదు.

బంతిని కొట్టాలని ఊపితే, తగలకపోయినా అది దెబ్బే. ఆ నియమం నాకు తెలుసు. చుట్టూ చూశాను. నీళ్లలో గేదెలు తప్ప ఏమీ లేవు. చేయి సరిచూసుకోవడానికి ఊపానులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ గుంతకు ఆరు అని రాశాను. మొత్తం నలభై ఎనిమిది.

కార్డు సంచీలో పడేసి, ఇంటికి పోయి స్నానం చేసి బస్సెక్కాను. గంటకు పైనే పట్టింది. నేను వెళ్లేసరికి వార్డులో రాత్రి భోజనాలు అవుతున్నాయి. నాన్నగారు నిద్రలో ఉన్నారు. అన్నయ్య మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"మధ్యాన్నం మళ్లీ జ్వరం తగిలిందమ్మా" అన్నాడు. "కళ్లు తెరవలేదు గానీ, నాలుగు దాటిన కాణ్ణించీ ఒకటే అంకెలు. ఒకటి చెప్పటం, ఊరుకోటం. పావుగంట పోయేక మళ్లీ ఇంకోటి. బళ్లో మార్కులు చదువుతన్నారనుకున్నాను."

"ఎన్ని చెప్పేరు?"

"తొమ్మిది. కలవరిస్తే రాసిపెట్టండని డాక్టరుగారు అన్నారు కదా, రాసేను."

జ్వరం పట్టిక వెనక పెన్సిలుతో వరసగా రాసి ఉన్నాయి. ఐదు, ఆరు, నాలుగు, ఐదు, ఏడు, ఐదు, ఏడు, నాలుగు, ఆరు.

నేను సంచీలోంచి కార్డు తీసి ఆ కాగితం పక్కన పెట్టాను. మొదటి గుంతకు ఐదు. రెండో గుంతకు ఆరు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. ఆరో గుంత దాకా ఒక్క తేడా లేదు. ఎనిమిది, తొమ్మిది కూడా అంతే. ఏడో గుంత ఒక్కటే తేడా. నా కార్డు మీద ఆరు, అన్నయ్య కాగితం మీద ఏడు.

"ఏవైందమ్మా, అలా అయిపోయేవు?" అన్నాడు అన్నయ్య.

 పెన్సిలు అడిగి తీసుకుని, ఆరు కొట్టేసి ఏడు వేశాను. మొత్తం నలభై తొమ్మిది చేశాను. అప్పుడు, ఈ సాయంత్రం మేట మీద ఆడిన కార్డు ఇదని చెప్పి అన్నయ్యకు రెండూ చూపించాను. వాడు ఒక్కొక్క అంకే సరిచూసుకుని, వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.

తెల్లారేసరికి జ్వరం పూర్తిగా దిగింది. నాన్నగారు లేచి కూర్చుని కాఫీ అడిగారు. జరిగింది చెప్పి కార్డు చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"నాకేం గుర్తులేదమ్మా. ఈ ఆట ఎవరు చూసేరు?"

"ఎవరూ చూళ్లేదండి. కానీ మీరు చెప్పిన అంకెలే కదండీ ఇవి."

"జ్వరంలో ఏవన్నానో అది నా లెక్క కాదు. ఏడోదాన్లో ఆరు కొట్టేసి ఏడు వేసేవు. ఎందుకని?"

"ఒకటి గాల్లో పోయిందండి."

"మరి అప్పుడే ఎందుకు వెయ్యలేదు?"

 ఆయన తిట్టలేదు. కార్డు మడతపెట్టి నా చేతికిచ్చేశారు.

"కంటితో చూడందానికి నేను సంతకం పెట్టను. పదో ఆట ఇంకా అవలేదు. నేను లేస్తాన్లే, ఉండు" అన్నారు.

నిజంగానే లేచారు. ఇంటికి వచ్చిన వారం రోజులకు, డాక్టరుగారు వద్దంటున్నా, రిక్షా ఎక్కి రేవుకు వచ్చారు. అన్నయ్య వంటింటి కుర్చీ నెత్తిన పెట్టుకుని మేట మీదకు తెచ్చాడు. నేను ముందుకు నడిచిన కొద్దీ వాడు కుర్చీ జరిపేవాడు, నాన్నగారు కూర్చునేవారు. అప్పటికే గోదావరికి వరద ఎర్రనీళ్లు తగిలాయి. తొమ్మిదో గుంత జెండా చుట్టూ తడి పాకుతోంది.

ఆ రోజు నా చేతులు నా మాట విన్నాయి. ప్రతి గుంతకూ ఆయన గొంతు వెనక నుంచి వినిపించింది, నీరసంగా, కానీ స్పష్టంగా. నాలుగు. ఐదు. ఐదు. చివరి బంతి తడి ఇసుక మీద దొర్లి డబ్బాలో పడ్డ చప్పుడు నాకింకా గుర్తుంది. మొత్తం నలభై నాలుగు. అంతకుముందెప్పుడూ అంత తక్కువలో ఆడలేదు. అన్నయ్య కుర్చీ ఇసుకలో వదిలేసి చప్పట్లు కొట్టాడు. నాన్నగారు కార్డు మోకాలి మీద పెట్టుకుని, రెండుసార్లు కూడి చూసుకుని, ఇంకు పెన్నుతో సంతకం పెట్టారు. మూడు రోజుల్లో మేటంతా మునిగిపోయింది.

పది కార్డులూ తీసుకుని నాన్నగారితో విశాఖ వెళ్లాను. అక్కడ క్లబ్బు సభ్యురాలొకావిడ నాతో ఆడి, మీ కార్డులు అబద్ధం కావు అని సెక్రటరీగారికి చెప్పింది. మర్నాడు వెళ్లేసరికి బోర్డు మీద నా పేరుంది. కరుణ. పక్కన ఇరవై రెండు. నేను ఈసారి దాని ముందు నిలబడి, తనివి తీరేదాకా చూశాను.

పోటీలో పద్దెనిమిది గుంతలు. అక్కడి నేల మా ఇసుకలా కాళ్లను దిగలాగదు. బంతి నేననుకున్న దానికన్నా దూరం వెళ్లేది. చీరలో ఆడింది నేనొక్కదాన్నే. మధ్యాహ్నానికి చుట్టూ మనుషులు చేరారు. తొంభై ఒకటి కొట్టాను. ఇరవై రెండు తీసేస్తే అరవై తొమ్మిది. నా తర్వాతి ఆవిడ కన్నా మూడు తక్కువ.

కప్పు ఇచ్చేటప్పుడు సెక్రటరీగారు నాన్నగారిని కూడా పైకి పిలిచి, అమ్మాయికి ఆట నేర్పింది మీరేనా అని అడిగారు.

"అబ్బే, లేదండి. నేను లెక్కెట్టేనండి, అంతే" అన్నారు నాన్నగారు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ, బస్సులో ఇంటిదాకా ఆ కప్పు ఒళ్లోనే పెట్టుకున్నారు.

ఆయన తర్వాత చాలా ఏళ్లు బతికారు. ఎప్పుడడిగినా ఒకటే మాట. "నేను ఆసుపత్రిలో ఉన్నానమ్మా, మీ అన్నయ్యే సాక్షి." అన్నయ్యను అడిగితే, ఆయన చెప్పిందే రాశాననీ, అంతకుమించి తననేమీ అడగొద్దనీ అంటాడు.

నర్సుగా ఆలోచించి చూశాను. జ్వరంలో మనుషులు అలవాటైన మాటలే కలవరిస్తారు. నా ఆట ఆయనకు బాగా తెలుసు కాబట్టి అంకెలు ఊహించారనుకుందాం. తొమ్మిదీ వరసగా కుదిరాయనే అనుకుందాం. నేను ఆడుతున్నానని ఆయనకెవరూ చెప్పలేదు, అయినా సరే అనుకుందాం. కానీ ఏడో గుంత దగ్గరికి వచ్చేసరికి నా ఆలోచన ఆగిపోతుంది.

ఆ సాయంత్రం ఆ మేట మీద నేను నలభై ఎనిమిదే లెక్కపెట్టాను. నలభై తొమ్మిదోది ఎవరు లెక్కపెట్టారో నాకిప్పటికీ తెలియదు.