దగ్గుతో వచ్చిన ఆడవాళ్లను ఆపా అడిగే మాట

ఈ మధ్య శామీర్‌పేట దగ్గర నా కారెక్కిన ఒకావిడ దగ్గర డెట్టాల్, అత్తరు కలిసిన వాసన వచ్చింది. తుర్కపల్లి ల్యాబుల ఉద్యోగులను ఏళ్లుగా తిప్పుతున్నాను, కారులో ఎన్నో వాసనలు. ఇది మాత్రం రహిమున్నీసా ఆపాది. మా వీధి చివరి చిన్న దవాఖానాలో ఆమె నర్సు, వీధికంతా అక్క. చనిపోయి ఏడాది దాటింది.

ట్రిప్పుల మధ్య నేను మేడ్చల్ గ్రంథాలయంలో కూర్చుంటాను. చదువు పదితో ఆగినా, వైద్యం పుస్తకాలన్నీ చదివానని నాకు గర్వం. అందుకే చెల్లెలు సుజాతకు దగ్గులో రక్తం పడగానే టీబీ అని తేల్చేశాను. కఫం పరీక్షలో రెండుసార్లు ఏమీ రాలేదు. అయినా నా మాట వదల్లేదు. నెల గడిచి, నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతుంటే ఆపా దగ్గరికి తీసుకెళ్లాను.

ఆపా దగ్గు గురించి అడగనే లేదు. "బిడ్డా, ఈ నడుమ కడుపేమన్న వోయిందా?" అంది.

"ఎనిమిది నెలలైంది ఆపా. మూడో నెలల వోయింది," అంది సుజాత.

"దగ్గుకు, దానికి ఏం సంబంధం ఆపా?" అన్నాను.

"నువ్వాగు డాక్టర్ సాబ్," అని చెల్లెలికి మూత్రపరీక్ష చేసింది. పట్టీ మీద రెండు గీతలు. సుజాత భర్త దుబాయ్ వెళ్లి అప్పటికి ఆరు నెలలు.

"ఎవరిది?" అన్నాను చెల్లెలితో.

సుజాత ఏడవలేదు. నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"తోబ! గిదేనా నీ సదువు?" ఆపా నా మీదికి లేచింది. "గిది పిల్ల గాదనిపిస్తాంది. కడుపు వోయినంక ఒక్కోసారి లోపట మిగిలిన మాయ గడ్డైతది. నెత్తుట్ల వడి ఊపిరితిత్తులకు వాకుతది. గా గడ్డకు గూడ పట్టీ మీద రెండు గీతలొస్తయ్. జల్దీ బండి తియ్, పెద్ద దవాఖానకు."

దారిలో ఆపాను అడిగాను, నీకెట్ల తెలుసని. "మా మరదలు గిట్లనే దగ్గి దగ్గి వోయింది. గప్పుడు నేను గూడ టీబీ అన్న," అని కిటికీ వైపు తిరిగింది.

పట్నం డాక్టర్లూ అదే చెప్పారు, క్యాన్సర్ గడ్డ అని. చికిత్స నెలల తరబడి సాగింది. సుజాత జుట్టు రాలింది, గడ్డలు కరిగాయి. ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో, సిగ్గుపడి నేనెప్పుడూ దాటేసే ఆడవాళ్ల ఆరోగ్యం అర ముందు నిలబడ్డాను. ఈ గడ్డ గర్భసంచిలో ఏమీ కనబడకుండానే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో బయటపడవచ్చని అక్కడి పుస్తకంలో ఉంది. నా చేతికందే ఎత్తులోనే ఉంది.

తేల్చే ముందు అడగాలని ఆపా దగ్గర నేర్చుకున్నాను, ఆలస్యంగా. సుజాత బతికింది. నాతో బాగానే మాట్లాడుతుంది. ఒంట్లో నలతగా ఉంటే మాత్రం చెప్పదు. పోయిన నెల జ్వరమొస్తే ఒక్కతే బస్సెక్కి దవాఖానకు వెళ్లొచ్చిందట. పక్కింటివాళ్లు చెప్పారు.