రాగి తీగ చుట్టిన ఎలుక

మా ఆయన ఫీజు వేస్తే ఇక అది పోదు. పొలంలో బోరు మోటారు ఆగిందంటే చాలు, పాత వైరు ముక్కను పళ్లతో ఒలిచి, రాగి పోగులు లాగి, మెలేసి, ఫీజు ఉండాల్సిన చోట బిగిస్తారు. పైన సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ముడి వేస్తారు. తర్వాత మోటారు కాలవచ్చు, స్టార్టరు కాలవచ్చు, ఫీజుకు మాత్రం ఏమీ కాదు. ఈ ఘనకార్యానికి చుట్టుపక్కల చేలవాళ్లు కూడా ఆయన్ను బండెక్కించుకుని తీసుకెళ్తారు. పల్నాటి రైతుల్లో సగం మందికి ఈ విద్య వచ్చుగానీ, మా ఆయన చేతిది వేరట.

కారు నాది. నేను నరసరావుపేట నుంచి గురజాల వైపు ఒక పల్లెకు బడి పంతులమ్మగా పోయి వస్తుంటాను. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, నా జీతంతో కొనుక్కున్నాను. మా అత్తగారు నేను తిరిగొచ్చేదాకా దేవుడి గదిలో నుంచి కదిలేవారు కాదు. మా ఆయన పక్కన కూర్చుంటే లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉండేవారు. ఇంతటి ప్రోత్సాహం మధ్య రోజూ బడికి వెళ్లి క్షేమంగా వస్తుండేదాన్ని.

ఒక ఉదయం కారు స్టార్ట్ కాలేదు. డిక్కీ మూత సరిగా పడక, రాత్రంతా లోపల లైటు వెలిగి బ్యాటరీ దిగిపోయింది. బస్సెక్కి బడికి పోయాను. సాయంత్రానికి కారు వాకిట్లో సిద్ధంగా ఉంది. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించానని, చిటికెలో పనని, దీనికి మెకానిక్కు దగ్గరికి పరుగెత్తేవాళ్లకు బుద్ధి లేదని మా ఆయన సెలవిచ్చారు. నేను మెచ్చుకుని కాఫీ కూడా ఇచ్చాను.

ఆ వారంలోనే పిడుగురాళ్ల దాటుతుంటే పొగ కనిపించింది. అక్కడ సున్నం బట్టీలు ఉంటాయి కాబట్టి పొగ మామూలే అనుకున్నాను. బట్టీలు వెనకబడ్డాయిగానీ పొగ నాతోనే వస్తోంది. బోనెట్ సందుల్లోంచి. కారు పక్కకు తీసి ఆపి, దిగి దూరంగా పరుగెత్తాను. ట్రాక్టరు మీద పోతున్న ఒకాయన పానాతో వచ్చి బ్యాటరీ వైరు పీకేశాడు. మిగతా జనం ఫోన్లు పైకెత్తి వీడియో తీసి నాకు సాయం చేశారు. నేను రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాను. చచ్చిపోయేదాన్నే అనుకున్నాను.

ఇంటికొచ్చాక పంచాయితీ పెట్టారు. గేరు సరిగా మార్చదు, అందుకే వేడెక్కిందని మా ఆయన. ఆడదాని చేతికి ఇనుము ఇవ్వకూడదని మా అత్తగారు. దెబ్బేమైనా తగిలిందా అని ఒక్కరూ అడగలేదు. కారు బాగు చేయించి అమ్మేయాలని తేల్చారు. బస్సులు లేవా, నేను దింపనా అని మా ఆయన ఓదార్చారు. ఎవర్నీ అడగకుండా తాళం తీసుకుని బయల్దేరే సుఖం నాకు నలభై దాటాక దొరికింది. అది పోతుందంటే ఆ పూట అన్నం సహించలేదు.

కారును లాగించి, నరసరావుపేటలో కార్ల వైరింగు చేసే భాయి షెడ్డుకు చేర్చారు. భాయి పెద్ద మాటకారి. తన చెయ్యి పడితే కంపెనీవాళ్లు కూడా వచ్చి చూసి నేర్చుకోవాలని ఆయనే చెబుతాడు. మగవాళ్లిద్దరూ బోనెట్ ఎత్తి లోపలికి తలలు పెట్టారు. భాయి ఒకచోట ఆగి, మా ఆయన ముఖం వంక చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఎలకలక్కా. వైర్లన్నీ కొరికి పారేసినయ్," అన్నాడు నాతో.

మా ఆయన వెంటనే అవునన్నారు. తనకు మొదట్నుంచీ ఎలకల మీదే అనుమానమట. నా గేర్ల సంగతి అప్పటికప్పుడు మర్చిపోయారు. రోజూ బోనెట్ ఎత్తి చూసుకోవద్దా అని తప్పు మళ్లీ నా ఒళ్లోనే పెట్టారు.

నేనూ వంగి చూశాను. మెయిన్ ఫీజు ఉండాల్సిన చోట మెలేసిన రాగి పోగులు. వాటి మీద కరిగి అతుక్కున్న సైకిల్ ట్యూబు ముక్క, ముడితో సహా. మా పల్నాడు ఎలుకలు గట్టివే. మిరపకాయ బస్తాల మధ్య పుట్టి పెరిగినవి. కానీ వైరు ఒలిచి, మెలేసి, ట్యూబు చుట్టి, అచ్చం మా ఆయనలాగే ముడి వేసే ఎలుకను మాత్రం అప్పుడే చూశాను. ఒళ్లు మండిపోయింది. భాయిని ఏమీ అనలేను. మా ఆయన పరువు అంగట్లో తీయకూడదన్న మర్యాద అతనిది. మా ఆయన తానుగా చెబుతారేమోనని నోరు బిగబట్టుకున్నాను. వైరింగు మార్చడానికి పట్టిన రోజులన్నీ ఆయన ఇంట్లో ఎలుకల గురించే మాట్లాడారు. బోను కూడా కొనుక్కొచ్చారు.

పని పూర్తయిన రోజు చిలకలూరిపేట పత్తి వ్యాపారిని షెడ్డుకు పిలిపించారు, కొనేముందు కారు చూసుకోవడానికి. ఆయన చుట్టూ తిరిగి చూసి, మళ్లీ వైరింగు కాలితే ఎవరు పూచీ అని భాయిని అడిగాడు. అంతే. తన పనితనం మీదికి వచ్చేసరికి భాయికి మర్యాద గుర్తులేదు.

"ఎలకా లేదు, ఏం లేదు సార్. ఎవరో బ్యాటరీకి ప్లస్సు మైనస్సు తిరగేసి తగిలిచ్చారు. మెయిన్ ఫీజు ఎగిరిపోయింది. దాని చోట రాగి తీగ ఏశారు. ఫీజుంటే అదే ఎగిరి ఊరుకునేది. లేదు గాబట్టి వైర్లు తగలబడ్డయ్. ఇప్పుడు సరైన ఫీజు ఏశా, కొత్త వైర్లు లాగాను. నాదీ పూచీ."

ఆ మహానుభావుడెవరని వ్యాపారి నవ్వుతూ అడిగాడు. మా ఆయన ఎదురుగా ఉన్న పెట్రోలు బంకును ఎన్నడూ చూడనట్టు చూస్తున్నారు. ముఖం మెడ దాకా ఎర్రబడింది. నేను చెబితే ఒక్క మాటతో అయిపోయేది. చెప్పలేదు. కారు నా పేరు మీద ఉందని, అమ్మడం లేదని, శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని వ్యాపారికి దణ్ణం పెట్టాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. నేను తాళం తిప్పలేదు.

"పోనియ్యవే," అన్నారు.

"మీరు చెప్పండి. అప్పుడు పోనిస్తా."

భాయి సామాను సర్దుకుంటున్నాడు. మా ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు.

"పొలంలో మోటారుకి ఏసినట్టే ఏశానే," అన్నారు, నా వైపు చూడకుండా. "ఇందులో నువ్వు కూచుంటావని నాకు తట్టలా."

ఇన్నాళ్లుగా తిట్టడానికి ఎన్ని మాటలు దాచుకున్నానో! ఒక్కటీ నోటికి రాలేదు. కళ్లు తుడుచుకుని కారు స్టార్ట్ చేశాను.